నిండకూడని చెరువు

2021 నవంబరు 19 తర్వాత చెయ్యేటి పరీవాహకంలో కట్ట అనే మాటను ఎవరూ తేలిగ్గా పలకడం లేదు. ఆ కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున పైన పింఛా కట్ట, దాని వెనకే అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయాయి. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేటల మీద ఏరు విరుచుకుపడింది. అయినా వానలు ఆగవు, వంకలు పొంగడం మానవు. మరి ఊరికి పైన, కొండ పాదాన, వరదను మాత్రమే కొన్నాళ్లు పట్టుకొని మెల్లగా వదిలే చిన్న మట్టికట్ట వేసుకోవచ్చా? ఈ ప్రశ్న దగ్గర ఒక మామ, ఒక అల్లుడు ఎదురెదురుగా నిలబడ్డారు. మామ నీటిపారుదల ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఉద్యోగమంతా కట్టల మీదే నడిచినవాడు ఇప్పుడు కొత్త కట్ట వద్దంటున్నాడు. అల్లుడు అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం స్టిల్‌వాటర్‌లో చదువుకొని వచ్చి సొంత ఊళ్లో సేద్యం చేస్తున్నాడు. కట్ట కావాలంటున్నాడు. ఇలాంటి నిర్ణయం రేపు ఏ గ్రామసభ ముందుకైనా రావచ్చు కాబట్టి ఇద్దరి మాటా పూర్తిగా వినాలి.

అల్లుడు: గ్రామసభలో నువ్వే అడ్డం చెప్పినావని అందరూ అంటున్నారు మామా. కొండమీద గట్టిగా నాలుగు గంటలు కురిస్తే చాలు, వంక పొంగి కిందివీధుల్లోకి వస్తోంది. మడుల్లో ఇసుక మేట వేస్తోంది. పైన ఒక మట్టికట్ట వేసి ఆ నీళ్లు పట్టుకుందామంటే, కట్టలు తెలిసిన నువ్వే వద్దంటే ఎట్లా?

మామ: తెలుసు కాబట్టే వద్దంటున్నా. కట్ట లేని వంక పొంగితే నీళ్లు కళ్లముందే పెరుగుతాయి. ముసలోళ్లను, పిల్లలను మిద్దెలెక్కించే వ్యవధి ఉంటుంది. కట్ట తెగితే ఆ వ్యవధి ఉండదు. అన్నమయ్య మరవగట్టుకు రెండు లక్షల క్యూసెక్కుల పైచిలుకు వదిలే శక్తి ఉండేది. ఆ రాత్రి వచ్చింది మూడు లక్షలు దాటింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేసే స్థితిలో లేదు. నీళ్లు మట్టికట్ట మీదుగా పొర్లినాయి. రాతికట్టడం మీద నీళ్లు పొర్లితే తట్టుకుంటుంది. మట్టికట్ట తట్టుకోదు. ముందు కిందివాలు కోసుకుపోతుంది, తర్వాత కట్ట నెత్తి విరుగుతుంది, ఆ తర్వాత చెరువంతా ఒకేసారి బయటపడుతుంది. చిన్న కట్ట అయినా తెగే పద్ధతి అదే.

అల్లుడు: అన్నమయ్య సాగునీటి ప్రాజెక్టు. 2.24 టీఎంసీలు నిలబెట్టడానికి కట్టింది. వరదను గేట్లతో దాటించాలనుకున్నది. నేనడిగేది గేటే లేని కట్ట. ఓక్లహోమాలో వాషిటా అనే నది ఉంది. ఎర్రమట్టి నీళ్లది, గట్టి వానొస్తే ఒక్కసారిగా పొంగేది. 1934 ఏప్రిల్‌లో హామన్ అనే చిన్న ఊరి దగ్గర పొంగి 17 మందిని పొట్టన పెట్టుకుంది. 1944లో అమెరికా ప్రభుత్వం వరద నియంత్రణ చట్టం చేసి, 11 పరీవాహకాల్లో ఎగువ వాగుల మీద చిన్నచిన్న పనులకు అనుమతి ఇచ్చింది. వాటిలో వాషిటా ఒకటి. 1948 జులైలో కార్డెల్ అనే ఊరి దగ్గర క్లౌడ్ క్రీక్ అనే వాగు మీద మొదటి కట్ట పూర్తయింది. ఆ తర్వాత శాండ్‌స్టోన్ క్రీక్ అనే వాగు, దాని పిల్లవాగుల మీద ఒక వరసలో 24 కట్టలు వేసినారు. 1954లో ఇంకో చట్టం వచ్చి దేశమంతటికీ దారి తెరిచింది. ఇప్పుడు అట్లాంటివి 47 రాష్ట్రాల్లో దాదాపు 11,800 ఉన్నాయి. రెండు వేలకు పైగా ఓక్లహోమాలోనే ఉన్నాయి.

మామ: సంఖ్య సరే. అది పనిచేసే తీరు చెప్పు.

అల్లుడు: కట్ట మామూలు మట్టికట్టే. లోపలివైపు కాంక్రీటుతో ఒక నిలువు తూము నిలబెడతారు. చెత్త పోకుండా దాని నోటికి ఇనప చువ్వలుంటాయి. దాని అడుగునుంచి కట్ట కింద ఒక పైపు అవతలికి పోతుంది. నీళ్లు తూము నోటిదాకా ఎక్కగానే దాంట్లో పడి పైపుగుండా పోవడం మొదలవుతుంది. పైపు పట్టినంతే పోతుంది, మిగతాది వెనక నిలుస్తుంది. వాన వెలిసినాక నాలుగైదు రోజుల్లో, మహా అయితే పది రోజుల్లో ఆ నీళ్లూ దిగిపోతాయి. పైపు చాలనంత వరద వస్తే దానికి ఇంకో దారి ఉంటుంది. కట్ట చివర సహజమైన గట్టినేలను వెడల్పుగా తవ్వి, దట్టంగా గడ్డి పెంచిన మరవ అది. నీళ్లు కట్ట నెత్తికి చేరకముందే అటుపక్క తిరిగి వాగులో పడతాయి. అర్ధరాత్రి వానలో ఎవరో పోయి తిప్పాల్సిన చక్రం లేదు, కరెంటు పోతే ఆగిపోయే మోటారు లేదు.

లెక్క కూడా చూడు. పైన ఐదు చదరపు కిలోమీటర్ల కొండ ఉందనుకో. దాని మీదినుంచి 100 మిల్లీమీటర్ల నీళ్లు జారి వస్తే మొత్తం ఐదు లక్షల ఘనపు మీటర్లు. అది నాలుగు గంటల్లో వస్తే వంకలో సగటున 1,200 క్యూసెక్కులు. అదే నీటిని ఐదు రోజుల్లో వదిలితే 40 క్యూసెక్కులు. 40 క్యూసెక్కులకు మన వంక గట్టు తడవదు కూడా.

మామ: లెక్క తప్పు లేదు. కానీ 100 మిల్లీమీటర్లు పట్టేట్టు కట్టినావు, 200 వస్తే? మొదటి సగానికే నీ కట్ట వెనక చోటు నిండిపోతుంది. రెండో సగం వచ్చింది వచ్చినట్టే మరవ దాటి ఊరి మీదికొస్తుంది. ఇంకోటి దూరం. ఇది అమెరికాలో పెద్ద తగవుగా నడిచింది. పెద్ద డ్యాములా, చిన్న కట్టలా అని అక్కడి శాఖలే ఒకదానితో ఒకటి పోట్లాడుకున్న రోజుల్లో, 1954లో లూనా లియోపోల్డ్, థామస్ మాడక్ అనే ఇద్దరు ‘ద ఫ్లడ్ కంట్రోల్ కాంట్రవర్సీ’ అని పుస్తకమే రాసినారు. చిన్న కట్ట మేలు దాని కిందనున్న వాగుకే. కిందికి పోయేకొద్దీ పక్కవాగుల నీళ్లు కలిసి ఆ మేలు కరిగిపోతుంది. నీ కట్ట చెయ్యేటి వరదను వేలెడంత కూడా తగ్గించదు.

అల్లుడు: చెయ్యేటిని ఆపుతానని నేనెప్పుడన్నా? మన వంకనే అడుగుతున్నా. ఊరికి కొంచెం పైన కట్ట వేస్తే ఆ మేలు కరగకముందే ఊరికి అందుతుంది. అదే 1954లో ఎల్మర్ పీటర్సన్ అనే ఓక్లహోమా జర్నలిస్టు ‘బిగ్ డ్యామ్ ఫూలిష్‌నెస్’ అని పుస్తకం రాసినాడు. పెద్ద డ్యాములు కింది లోయల్లోని మంచి నేలను ముంచుతాయి, అంతకంటే వాన పడ్డచోటే నీటిని నిలపండి అన్నాడు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్న కట్ట చేయగలిగిందేందో, చేయలేనిదేందో తెలుస్తుంది. ఊరి వంకకు అది చాలు. 200 మిల్లీమీటర్ల వాన సంగతి అంటావా, ఆ రోజు కట్ట ఊరిని కాపాడలేకపోవచ్చు. మరవ సరిగా ఉంటే కనీసం కట్ట తెగదు. ఏటేటా వచ్చే చిన్న వరదలనుంచైనా ఊరు బయటపడుతుంది.

మామ: సరే, ఊరి మట్టుకే మాట్లాడుకుందాం. నీ కట్ట ఖాళీగా ఉంటేనే వరదకు పనికొస్తుంది. రాయలసీమలో చేతికొచ్చిన నీళ్లను వదిలేసే ఊరు ఏదో చూపించు. మొదటి రెండేళ్లు వాన తక్కువైతే ఎవడో ఒకడు పోయి నీ తూము నోట్లో ఇసుక బస్తాలు పెడతాడు. బోర్లు ఊరుతాయంటారు, నిజమే. చేపలు వేస్తే పంచాయతీకి ఆదాయమంటారు, అదీ నిజమే. మూడో ఏటికి అది మామూలు చెరువైపోతుంది. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు, నవంబరు తుపానులతో వస్తాయి. అప్పటికి నీ చెరువు నిండి ఉంటుంది. నిండిన చెరువు వరదను ఆపదు. అప్పటికే తడిసి బరువెక్కిన కట్టమీదికి కొత్త వరద వస్తుంది. కట్ట లేనప్పటికంటే ప్రమాదం పెరుగుతుంది.

అల్లుడు: ఇది నువ్వు చెప్పినవాటిలో గట్టిమాట, ఒప్పుకుంటా. కానీ దానికి అక్కడ ఒక పరిష్కారం ఉంది. తూము నోరు నేలమట్టానికి ఉండదు, కొంత ఎత్తులో ఉంటుంది. దాని కిందిభాగం పూడిక పడడానికి వదిలిన చోటు. యాభై ఏళ్ల పూడిక లెక్కగట్టి ఆ చోటు విడుస్తారు. పూడిక నిండేదాకా అక్కడ నిలిచే నీళ్లు పశువులకూ బోర్లకూ పనికొస్తాయి. దానికి పైనున్నదంతా వరద చోటు, అది ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఊరికి ఇట్లా విడమర్చి చెప్పాలి. తూము నోటికి కింది నీళ్లు మీవి, పైవి వంకవి అని. ఆస్పత్రిలో మంచం ఖాళీగా ఉందని ముందే పోయి దాంట్లో పడుకుంటామా?

మామ: చెప్పడం వేరు, ఆచరణ వేరు. మట్టి సంగతి తీయనీ ఇప్పుడు. మామూలు చెరువుకట్ట ఏడాదిలో చాన్నాళ్లు తడిగా ఉంటుంది. నీది ఏడాదంతా ఎండుతుంది. మన బంకమట్టి ఎండితే బీటలు తీస్తుంది. ఒక తుపాను రాత్రి కట్టకు సగం ఎత్తుదాకా నీళ్లు ఎక్కితే అవి ఆ బీటల్లోకి దూరుతాయి. ప్రతి పెద్ద వానా ఆ కట్టకు మొదటి పరీక్షే. పైగా మన దగ్గర చవుడు నేలలు. ఆ మట్టి నీళ్లు తగిలితే గట్టిపడదు, పాలలాగా కరిగిపోతుంది. పైనుంచి చూస్తే కట్ట గట్టిగానే కనపడుతుంది, లోపల సన్నటి దారి పడి పెద్దదవుతూ పోతుంది. నీ ఓక్లహోమాలోనే అట్లాంటి మట్టితో వేసిన కట్టలు మొదటిసారి నీళ్లు ఎక్కగానే లోపలినుంచి కోసుకుపోయినాయి, చదివినావా?

అల్లుడు: చదివినా. అక్కడే దానికి విరుగుడూ వెతికినారు. మొదట్లో కట్టకింది పైపు చుట్టూ కాంక్రీటు పట్టీలు కట్టేవాళ్లు, నీళ్లు పైపు వెంబడి జారకుండా. అవి చాలలేదు, పైగా వాటి పక్కన మట్టి సరిగా దిమ్మిస కొట్టడానికి వీలు కాలేదు. తర్వాత పద్ధతి మార్చి పైపు చుట్టూ శుభ్రమైన ఇసుకతో ఒక తెర పెట్టినారు. ఊట నీరు పోతుంది, మట్టిరేణువు పోదు. బీటలు తీసే పొడినేల అరిజోనాలో పాత వరదకట్టల నడుమ నిలువుగా కందకం తవ్వి ఇదే ఇసుకతెర దించినారు. బీట పడినా దాని వెంబడి కోత ఇసుక దగ్గర ఆగుతుంది. చవుడు మట్టిని కనిపెట్టడానికి పెద్ద ప్రయోగశాల కూడా అక్కర్లేదు. మట్టిగడ్డ ఒకటి గ్లాసెడు డిస్టిల్డ్ వాటరులో మెల్లగా వదిలి కదపకుండా చూస్తే చాలు. నీళ్లు మసకమసకగా మబ్బు కమ్మితే ఆ మట్టి అనుమానించాల్సిందే. ఆ తర్వాతే ల్యాబుకు పంపాలి.

మామ: చవుడు పనికిరాదన్న మాట 650 ఏళ్ల కింద మన కడప ప్రాంతంలోనే రాయిమీద చెక్కించినారురా. పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369లోది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి ఏలుతున్నప్పుడు కట్టించిన చెరువది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ శాసనంలో లెక్కపెట్టినారు. కట్టనుంచి నీళ్లు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం ఒక దోషం. ఆ చెరువు ఇప్పటికీ ఉంది.

ఆ పొలిమేర దోషం అర్థం కావాలంటే పెద్దవాగును చూడు. కట్ట తెలంగాణలో అశ్వారావుపేట దగ్గర, ఆయకట్టు ఎక్కువభాగం ఆంధ్రలో. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. 2024 జులై 18 రాత్రి దాని మట్టికట్టకు గండి పడింది. ఇద్దరిదైన కట్ట ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదం ఎంతటిదో ఆరువందల ఏళ్ల కిందటి పెద్దలకు తెలుసు. నీ కట్టకు అంతకంటే పెద్ద దోషం ఉంది. దానికి ఆయకట్టే లేదు.

అల్లుడు: ఆయకట్టు లేకపోవడం దోషమెట్లా అవుతుంది? దాని పని సాగు కాదు కదా.

మామ: ఆయకట్టు ఉంటే చెరువుకు కన్నతల్లుల్లాంటి నూరు కుటుంబాలుంటాయి. తూము కారితే వాళ్ల మడి ఎండుతుంది, అందుకే పరిగెత్తుకొస్తారు. పూర్వం దశబంధం ఇనాంలుండేవి. చెరువు బాగు చూసినవాడికి భూమి ఇచ్చేవాళ్లు. నీరుగంటి ఉండేవాడు, కట్టమీద ఎండ్రకాయ బొరియ చేసినా ఆయన కళ్లపడేది. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలొచ్చినాయి, అవీ ఆయకట్టు రైతులవే. వరదకట్టకు నీటితీరువా లేదు, సంఘం లేదు, నీరుగంటి లేడు. నాలుగేళ్లు వరద రాకపోతే అదొకటుందనే ఊరు మర్చిపోతుంది. కట్టమీద తుమ్మచెట్లు మొలుస్తాయి, వేళ్లు లోపలికి దిగుతాయి. పందికొక్కులు బొక్కలు చేస్తాయి. తూము చువ్వలకు కంప అడ్డం పడుతుంది. మరవలో ఎవడో చేను దున్నుతాడు. ఐదో ఏట తుపాను వస్తుంది.

చట్టమూ నీకు తోడు రాదు. 2021 డిసెంబరులో వచ్చిన డ్యాం భద్రతా చట్టం 15 మీటర్ల ఎత్తు దాటిన వాటికీ, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ లాంటి కొలతల్లో పెద్దవైన వాటికే. నువ్వు వేసేది ఏడెనిమిది మీటర్లు. దాన్ని తనిఖీ చెయ్యమని ఆ చట్టం ఎవరికీ చెప్పదు.

అల్లుడు: చట్టం చెప్పకపోతే తీర్మానంలో మనమే రాసుకుందాం మామా. అమెరికాలో నిర్మాణం ఖర్చు కేంద్రానిది. భూమి మీద హక్కులు తేవడం, కట్టినాక కాపాడడం స్థానిక సంస్థది. నేల పరిరక్షణ జిల్లాలని చిన్న సంస్థలున్నాయి, స్థానిక రైతులే వాటి బోర్డుల్లో ఉంటారు. ఏటేటా కట్ట నడిచి చూస్తారు. చెట్లు కొట్టిస్తారు, చువ్వలు శుభ్రం చేయిస్తారు. 1954 చట్టంలో ఇంకో షరతు ఉంది. కట్టకు పైనున్న భూమిలో కనీసం సగానికి సొంతదారులు నేలకోత ఆపే పనులు చేస్తామని ఒప్పుకోవాలి. అంటే ముందు గట్లు, గడ్డి, తర్వాతే కట్ట. మన దగ్గర పంచాయతీ ఉంది, ఉపాధి పనులున్నాయి. ఏటా వేసవిలో కట్ట శుభ్రం చేయడం ఆ పనుల్లో మొదటిదిగా పెట్టుకోలేమా?

మామ: మొదటి మూడేళ్లు పెట్టుకుంటాం. పదో ఏడు? నలభయ్యో ఏడు? ఓక్లహోమా కట్టలకు యాభై ఏళ్ల ఆయుష్షు అనుకొని కట్టినారు. ఆ యాభై ఏళ్లు గడిచేసరికి ఇనప పైపులు తుప్పుపట్టినాయి, పూడిక నిండింది. అన్నిటికంటే ముఖ్యం, కట్టిన రోజు కట్టకింద పొలాలుండేవి. ఇప్పుడు కొన్నిచోట్ల ఇళ్లున్నాయి. కట్ట మారలేదు, దానికిందికి మనుషులొచ్చినారు. తెగితే పొలం పోయే కట్ట కాస్తా తెగితే ప్రాణాలు పోయే కట్ట అయింది. అందుకే 2000లో పాత కట్టల మరమ్మతుకని ఇంకో చట్టం తేవాల్సొచ్చింది. అంత డబ్బున్న దేశానికే కట్టడం కంటే నిలబెట్టడం భారమైంది. మన ఊరి కింద రోడ్డుపక్కన ఇప్పటికే ప్లాట్లు వేస్తున్నారు. కట్ట పడిన మర్నాడే, ఇక్కడ వరద రాదు అని ఆ ప్లాట్ల రేటు పెంచుతారు.

అల్లుడు: నువ్వు చెప్పిందే కట్టకు ముందు వేయాల్సిన గీత. కట్ట తెగితే నీళ్లు యాడికి పోతాయో ముందే లెక్కగట్టి పటం గీయొచ్చు. ఆ పటం పంచాయతీ గోడమీద ఉండాలి. అందులో పడిన చోట ఇంటికి అనుమతి ఇవ్వకూడదు. ఆ గీత వేయలేకపోతే కట్ట వేయొద్దు, ఇది నేనే అంటున్నా.

మామ: మంచిది. ఇంక భూమి సంగతి. ఐదు లక్షల ఘనపు మీటర్ల నీళ్లు మూడు మీటర్ల లోతున నిలవాలంటే సుమారు 40 ఎకరాలు కావాలి. ఓక్లహోమా రైతుకు వందల ఎకరాలుండొచ్చు. ఓ మూల పదిరోజులు మునిగితే ఓర్చుకుంటాడు. ఇక్కడ వంక పక్క భూములెవరివి? ఎక్కువ ప్రభుత్వం బీదోళ్లకిచ్చిన డీకేటీ పట్టాలు. ఎకరం, రెండెకరాలు, అదే వాళ్ల బతుకు. పోయింది పోగా వాళ్ల చేతిలో మిగిలిన భూమి అది. కిందివీధులు మునగకూడదని పైవాళ్ల చేను ముంచుతావా? కిందివీధుల్లో ఉండేదీ అట్లాంటి బీదోళ్లే. ఒక బీదోడి ఇల్లు కాపాడడానికి ఇంకో బీదోడి చేను అడుగుతున్నావు.

అల్లుడు: దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు మామా. ఉన్నంత చెప్తా. అక్కడ చాలాచోట్ల భూమిని కొనలేదు. మునిగించుకునే హక్కు మాత్రం రాయించుకున్నారు. భూమి సొంతదారుదే, ఎండాకాలం పశువులు మేస్తాయి, గడ్డి కోసుకుంటారు. మనమూ భూమి లాక్కోకూడదు. హక్కు మాత్రమే తీసుకోవాలి. మునిగినా మునగకపోయినా ఏటేటా కౌలులాంటి సొమ్ము ఆ రైతు ఖాతాలో పడాలి. మునిగిన ఏడు పంట నష్టం దానికి అదనం. పట్టా పాసుపుస్తకంలో పేరు వాళ్లదే ఉండాలి. ఆ సొమ్ము ఎవరివ్వాలంటే, వరద తప్పినందువల్ల లాభపడే ఊరివ్వాలి, దానికి ప్రభుత్వం తోడు నిలవాలి.

మామ: ఊరు ఇస్తుందా? ఒక ఏడు ఇస్తుంది. వరద రాని ఏడు, ఎందుకివ్వాలంటుంది.

అల్లుడు: అందుకే ఆ సొమ్ము ముందే బ్యాంకులో పడాలి. కట్ట అంచనాలో మట్టిపని, కాంక్రీటు ఎంతో రాసినట్టే ఈ సొమ్మునూ రాయాలి. అది లేని అంచనా సగం అంచనా.

మామ: ఇంత తిప్పలు ఎందుకు? ఊరి కింద పాత చెరువుంది. దాని పూడిక తీయి, మరవ బాగుచెయ్యి. వంక పోరంబోకులో పడిన ఆక్రమణలు తీయించు. రోడ్డు వేసినోళ్లు వంకమీద రెండు సిమెంటు గొట్టాలు పెట్టి నీళ్లను ఆపినారు. అక్కడ వెడల్పాటి కల్వర్టు కట్టించు. కొత్త కట్ట లేకుండానే సగం వరద తగ్గుతుంది.

అల్లుడు: అవన్నీ చెయ్యాల్సిందే. కట్ట వేసినా చెయ్యాల్సిందే. కానీ పాత చెరువు సాగు చెరువు. ఆయకట్టు రైతులు దాన్ని నవంబరులో ఖాళీ చేయనిస్తారా? చేయనివ్వకూడదు కూడా, వాళ్ల వరి దాని మీదే ఉంది. పైగా అది ఊరికి కింద ఉంది, వంక ఊళ్లోకి దూరేది పైనుంచి. కల్వర్టు వెడల్పు చేస్తే నీళ్లు త్వరగా కిందికి పోతాయి. మన ఊరి బాధ తగ్గి కింది ఊరికి పెరుగుతుంది. వరదను ఆలస్యం చేసే పని ఖాళీగా ఉన్న చోటే చేయగలదు. ఆ చోటు మన ఊళ్లో ఎక్కడా లేదు.

మామ: ఆలస్యం అన్నావు చూడు, ఆ మాటతో నేనూ ఒప్పుకుంటా. నీ కట్ట చేసే మేలు అంతే. వరదను రద్దు చేయదు. ఆ మాట ఊరికి చెప్పకుండా ‘ఇంక వరద రాదు’ అని చెప్పి కట్టినామంటే, జనం తుపాను హెచ్చరిక విని కూడా కదలరు. అన్నిటికంటే నాకు భయం అదే. కట్ట ఉందన్న ధైర్యం.

అల్లుడు: కట్టమీద ఒక కొలబద్ద పాతుదాం. నీళ్లు తూము నోరు దాటితే ఒక కబురు. మరవ పారడం మొదలైతే కిందివీధులు ఖాళీ. కట్ట ఉన్నా ప్రతి అక్టోబరులో ఒకసారి ఊరంతా ఎట్లా కదలాలో సాధన చేద్దాం. కట్ట మనకు ఇచ్చేది కొన్ని గంటలు. ఆ గంటల్లో చేయాల్సిన పని మనదే.

మామ: అయితే విను. నేను అడ్డం చెప్పింది మట్టికి కాదు, తీర్మానానికి. దాంట్లో కట్ట పొడవుంది, ఎత్తుంది, అంచనా మొత్తముంది. కట్టినాక ఎవరిదో లేదు. దాన్ని తిరగరాయి. మొదట కాపలా రాయి: ఏటా వేసవిలో ఎవరు కట్ట నడిచి చూస్తారు, చెట్లు ఎవరు కొడతారు, ఆ డబ్బు ఏ ఖాతాలో ఉంటుంది. రెండోది కింద ఇల్లు కట్టకూడని గీత. మూడోది మునిగే చేల రైతులతో ఒప్పందం, వాళ్లు ఒక్కొక్కరూ చదివి సంతకం పెట్టినది. నాలుగోది పైకొండ నేలకోత పనులు. కట్ట ఎత్తు ఐదోది. మట్టి పరీక్షలో చవుడు తేలితే, ఎంత ఇసుకతెర పెట్టినా ఆ చోటు మానుకోవాలి. ఈ ఒక్కదాంట్లో నేను బేరానికి రాను.

అల్లుడు: చవుడు మట్టితో కూడా సున్నం కలిపి, వడపోత పెట్టి కట్టినవి ఉన్నాయి మామా.

మామ: ఉన్నాయి. కట్టేటప్పుడు రోజూ పక్కన నిలబడి చూసేవాళ్లుంటే ఉంటాయి. మనూరి పనికి అంత చూపు దొరుకుతుందని నేను నమ్మను.

అల్లుడు: నేను నమ్ముతా, కానీ ఆ చోట పందెం కట్టను. చవుడైతే చోటు మారుద్దాం. మిగతా నాలుగూ తీర్మానంలో ముందు రాస్తా. ఒక్కటి మాత్రం నువ్వూ ఒప్పుకోవాలి. షరతులన్నీ తీరేదాకా అంటూ ఇది పదేళ్లు సాగకూడదు. కట్ట చెడ్డగా కట్టడం ఎంత తప్పో, కట్టగలిగీ కట్టకుండా కిందివీధులను ఏటేటా ముంచడమూ అంతే తప్పు. రెండో తప్పుకు గండి కనపడదు కాబట్టి ఎవరూ లెక్క అడగరు.

మామ: ఆ మాట న్యాయమే. ఈ వేసవిలో మట్టి పరీక్ష, పటం, రైతులతో మాట. ఈ మూడూ వానలకు ముందే కావాలి. రైతుల దగ్గరికి నేనూ వస్తా. వాళ్లడిగే ప్రశ్నలకు ఇంజనీరు ఎదురుగా కూర్చొని జవాబు చెప్పాలి. వాళ్లు ఒద్దంటే కట్ట లేదు. ఊఁ అంటే ఆ కట్టకు మొదటి తనిఖీ రిజిస్టరులో నా సంతకం ఉంటుంది. రెండో ఏడు, పదో ఏడు, నలభయ్యో ఏడు ఆ రిజిస్టరులో ఎవరు సంతకం పెట్టాలో ఇప్పుడే రాసుకుందాం. అది రాసినాకే మొదటి గంప మట్టి.